తలుపు తట్టినవాళ్లకే జవాబు దొరుకుతుంది

"మీ గురించి చెప్పండి" అనగానే ఇంటర్వ్యూల్లో చాలామంది ఒకటే అప్పజెబుతారు: నేను టీమ్ ప్లేయర్‌ని, ఒత్తిడిని తట్టుకోగలను. "ఎప్పుడు తట్టుకున్నారు?" అని అడిగితే నోరు పెగలదు.

నిర్ణయం తీసుకోవడం, విడమరిచి చెప్పడం, ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడం... ఇలా ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నైపుణ్యాలను పదిగా లెక్కగట్టింది. వీటిని ఫైనలియర్‌లో రెండు రోజుల వర్క్‌షాప్ నేర్పుతుందంటే నేను నమ్మను. పాఠం ఎలా నడిచిందన్న దాన్ని బట్టే ఇవి వస్తాయి.

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్లజాతి, తెల్లజాతి పిల్లలను ఒకే తరగతిలో కూర్చోబెట్టాక గొడవలు మొదలయ్యాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరాన్సన్ బృందం పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చింది. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకొచ్చి మిగతావాళ్లకు చెప్పాలి. పక్కవాడి మాట చెవిన పెట్టకపోతే పరీక్ష గట్టెక్కదు. ఆ పద్ధతి పేరు జిగ్‌సా. ఆఫీసులో ప్రాజెక్టులు నడిచేదీ ఇంచుమించు ఇలాగే.

మన దగ్గరా ఒక మంచి అవకాశం ఉంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. ఊళ్లో ఇంటింటి సర్వే చేసి, ఒక సమస్య పట్టుకుని, రిపోర్టు రాయాలి. లాగ్‌బుక్ ఇంట్లోనే నింపేసి, రిపోర్టు జిరాక్స్ షాపులో తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. మార్కులు వాళ్లకీ వస్తాయనుకోండి, అది వేరే సంగతి.

నిజంగా తిరిగినవాళ్లకు ఏం దొరుకుతుందో చూడండి. "రేషన్ కార్డు తీసేయడానికొచ్చారా?" అని ఒకావిడ తలుపు వేసేస్తుంది. ఆదాయం ఎంత అని సూటిగా అడగడమే తప్పయిందని అప్పుడు తెలుస్తుంది. మర్నాడు ముందు నీళ్ల కుళాయి సంగతి అడుగుతారు. ఆవిడే చాప వేసి కూర్చోమంటుంది. ఇంటర్వ్యూలో ఈ ముచ్చట రెండు నిమిషాల్లో చెప్పగలిగితే చాలు, మాట నేర్పు ఉందని వేరే చెప్పుకోనక్కర్లేదు.

మీ కాలేజీలో ఇలాంటి ప్రాజెక్టు లేకపోతే లెక్చరర్‌ను అడిగి ఒక సెమినార్ మీ పేరున రాయించుకోండి. ప్రాజెక్టు ఉన్నవాళ్లు మాత్రం లాగ్‌బుక్‌ను ఏ రోజుది ఆ సాయంత్రమే రాయండి. ఎవరు తలుపు వేశారో, మర్నాడు మీరేం మార్చారో కూడా అందులో ఉండాలి.