వారసుడు అక్కర్లేని యాజకుడు

ప్రభువునందు ప్రియమైన అల్లుడికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన పొడుగాటి మెసేజ్ మళ్లీ మళ్లీ చదివాను. ఫోన్లో తెగే ముచ్చట కాదనిపించి కాగితం ముందు వేసుకున్నాను.

మా బావ, అంటే మీ నాన్న పోయినప్పుడు రోజూ ఇంటికి వచ్చి మీ పక్కన కూర్చున్న పాస్టరు అయ్యగారు బదిలీ మీద వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయనకు ఇంకా నీ పేరు కూడా నోటికి రావడం లేదు. మా అక్క, అంటే మీ అమ్మేమో ఎవరో పిలిస్తే స్వస్థత కూటాలకు పోయి, నూనె సీసా తెచ్చుకుని, ప్రత్యేక ప్రార్థన కోసమని పైసలు కట్టి వచ్చింది. ఇదంతా రాసి చివర్లో అడిగావు: "యేసు మారడంటారు, ఆయన పేరు చెప్పే మనుషులంతా మారిపోతున్నారు. ఇక నా కోసం ఎవరు ప్రార్థన చేస్తారు మామా?"

బిడ్డా, ఆ ప్రశ్నకు జవాబు హెబ్రీ పత్రికలో ఉంది. ఆ పత్రిక అందుకున్న వాళ్లు కూడా అలసిపోయి, సంఘంగా కూడుకోవడం మానేస్తూ, పాత ఆసరాల కోసం వెనక్కి చూస్తున్న వాళ్లే.

యేసు నిన్న, నేడు, ఎప్పటికీ ఒక్కలాగే ఉంటాడన్న మాట మన ఇళ్లలో ప్రతి క్యాలెండర్ మీదా ఉంటుంది. అది 13వ అధ్యాయం 8వ వచనం. దాని పై వచనాన్ని మాత్రం ఎవరూ అచ్చు వేయించరు. మీకు వాక్యం చెప్పిన పెద్దలను గుర్తు చేసుకోండి, వాళ్ల బతుకు ఎలా ముగిసిందో చూడండి, వాళ్ల విశ్వాసాన్ని అనుసరించండి అని అందులో ఉంది. ముందు పోయినవాళ్లను తలుచుకుని, ఆ వెంటనే పోనివాణ్ణి చూపిస్తాడు ఆ రచయిత. అయ్యగారు వెళ్లిపోయిన నెలలో నువ్వు ఆ రెండు వచనాలనూ విడదీయకుండా చదవాలి.

మన నేలనే చూడు. ఇల్లందు బొగ్గు బాయిలకు దగ్గర్లోనే ఉన్న డోర్నకల్‌కు అజరయ్యగారు 1912లో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు. మెదక్‌లో పాస్నెట్ దొర కట్టించిన గుడిని 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. గుడి నిలిచి ఉంది, దొర లేడు. 1947లో మిషన్లు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయింది. 1978లో మనకు కరీంనగర్ అధ్యక్ష మండలం వచ్చింది. 2016లో మన జిల్లా పేరు కూడా పెద్దపల్లి అయింది. ఈ మనుషులు గానీ, ఈ ఏర్పాట్లు గానీ శాశ్వతంగా ఉంటాయని ఎవరూ మాట ఇవ్వలేదు.

ఇప్పుడు సంఖ్యాకాండం 20వ అధ్యాయానికి రా. నాకు బైబిల్లో అంత బరువుగా తోచే దృశ్యాలు కొన్నే. అహరోను ముసలివాడయ్యాడు. మోషే అతణ్ణీ, అతని కొడుకు ఎలియాజరునూ వెంటబెట్టుకుని, జనమంతా చూస్తుండగా హోరు కొండ ఎక్కాడు. పైకి వెళ్లాక తండ్రి ఒంటి మీది యాజక వస్త్రాలు తీసి కొడుక్కి తొడిగాడు. తండ్రి అక్కడే, ఆ కొండ మీదే చనిపోయాడు. పన్నెండు గోత్రాల పేర్లు చెక్కిన రాళ్ల పతకం ఉండే వస్త్రాలవి. జనం పేర్లు గుండె మీద మోసే మనిషి మారాడు. ఎలియాజరు తర్వాత ఫీనెహాసు. అలా ఒకరి ఒంటి మీది నుంచి ఒకరి ఒంటి మీదికి ఆ బట్టలు శతాబ్దాల పాటు మారుతూనే వచ్చాయి. హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం చెప్పే కారణం ఒక్కటే: చావు వాళ్లను ఆ పనిలో ఉండనివ్వలేదు, అందుకే అంతమంది కావలసి వచ్చారు.

బొగ్గు బాయిలో నీ ఉద్యోగం ఎలా వచ్చిందో నీకు తెలుసు కదా. కొత్తగూడెం మెడికల్ బోర్డు బావను అన్‌ఫిట్ చేస్తేనే నీ ఫైలు కదిలింది. తండ్రి పనికి రాకుండా పోతే తప్ప కొడుకు పేరు మస్టర్ ఎక్కదు. ఆర్డర్ చేతికొచ్చిన రోజు నువ్వు సంతోషించలేక, ఏడవలేక గుమ్మంలో నిలబడ్డావు. లేవీయుల యాజకత్వమంతా ఆ గుమ్మంలోనే నడిచింది. ఎవరో ఒకరు పోతేనే ఇంకొకరు లోపలికి వచ్చేది.

యేసు ఆ దారిన రాలేదు. ఆయన యూదా గోత్రంలో పుట్టాడు. ఆ గోత్రం వాళ్లు బలిపీఠం దగ్గర నిలబడే ఏర్పాటు మోషే ధర్మశాస్త్రంలో లేదు. మరి ఏ హక్కుతో యాజకుడయ్యాడు? హెబ్రీ పత్రిక మెల్కీసెదెకును చూపిస్తుంది. ఆదికాండం 14లో, యుద్ధం నుంచి తిరిగొస్తున్న అబ్రాహాముకు షాలేము రాజు రొట్టె, ద్రాక్షారసం తెచ్చి దీవించాడు, పదో వంతు పుచ్చుకున్నాడు. అతని తల్లిదండ్రులెవరో, ఎప్పుడు పుట్టాడో, ఎప్పుడు చచ్చాడో ఆ గ్రంథంలో ఒక్క మాట లేదు. వంశావళులు అంత శ్రద్ధగా రాసిన పుస్తకంలో అదే పెద్ద విశేషం. ఆ తర్వాత 110వ కీర్తనలో దేవుడు ఒట్టు పెట్టుకుని, అలాంటి క్రమంలో ఎప్పటికీ ఉండే యాజకుణ్ణి నియమిస్తాడు. యేసు యాజకత్వానికి ఆధారం నాశనం లేని ఆయన ప్రాణమే. మూడో రోజున లేచినవాడికి మళ్లీ చావు లేదు కాబట్టి ఆయన వస్త్రాలు తొడుక్కునే వారసుడు అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా చూడు. ప్రత్యక్ష గుడారంలో దీపస్తంభం, బల్ల, ధూపపీఠం ఉన్నట్టు రాసి ఉంది గానీ యాజకులకు ఆసనం ఉన్నట్టు ఎక్కడా లేదు. వాళ్ల పని ఏ రోజూ పూర్తి కాదు. తెల్లారితే మళ్లీ బలి, ఏడాది తిరిగితే మళ్లీ ప్రాయశ్చిత్త దినం. హెబ్రీ పత్రిక పదో అధ్యాయం ఆ నిలబడినవాళ్ల పక్కనే యేసును పెట్టి, ఆయన ఒక్క బలి అర్పించి దేవుని కుడిపక్కన కూర్చున్నాడని చెబుతుంది. బలి ముగిసింది. విజ్ఞాపన మాత్రం సాగుతూనే ఉంది. నీ కోసం ఎవరు ప్రార్థన చేస్తారన్నావు కదా, అల్లుడా. నువ్వు మూడో షిఫ్టులో అలసిపోయి ప్రార్థన మరిచిన రాత్రి కూడా ఆయన చేస్తూనే ఉన్నాడు. ఇది నేను పూర్తిగా నమ్మి రాస్తున్న మాట.

మారనివాడైతే మన బాధ ఆయనకెలా తెలుస్తుందని నీకు అనుమానం రావచ్చు. తొలి సంఘాన్ని కుదిపేసిన ప్రశ్నల్లో ఇదొకటి. కుమారుడు సృష్టి పొందినవాడే, స్వభావంలో మారగలిగినవాడే అని అరియసు అనే బోధకుడు అన్నాడు. 325లో నికయాలో కూడిన బిషప్పులు దాన్ని తోసిపుచ్చారు. 451లో కల్కెదోను సభ ఇంకాస్త విడమరిచి, ఒక్క క్రీస్తులోనే దైవత్వమూ మానవత్వమూ మార్పు లేకుండా, కలగాపులగం కాకుండా ఉన్నాయని చెప్పింది. ఆ పదాలు కంఠతా రాకపోయినా ఫరవాలేదు. సారం పట్టుకో: ఆయన దేవుడిగా ఉండటం మానకుండానే మనిషి అయ్యాడు, మనిషిగా ఉండటం మానకుండానే పరలోకంలో ఉన్నాడు. బావి దగ్గర దాహంతో కూర్చున్నవాడు, లాజరు సమాధి దగ్గర ఏడ్చినవాడు, గాయాల గుర్తులు తోమాకు చూపించినవాడు, అదే మనిషి ఇప్పుడు నీ పేరు ఎత్తుతున్నాడు. మారకపోవడమంటే రాయిలా ఉండటమని ఎవరైనా చెబితే నమ్మకు. ఆయన జాలి తగ్గదు, ఇచ్చిన మాట పోదు, అదీ మారకపోవడం.

2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. అప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి. ఆ రోజుల్లో కాలనీల్లో ఏ ప్రార్థనలో కూర్చున్నా, దేవుడు మారడన్న మాట పైకి అనడానికి నోరు పెగిలేది కాదు. నేను ఇప్పటికీ ఆ చావులకు కారణం వివరించే ప్రయత్నం చేయను, నువ్వూ చేయకు. కానీ హెబ్రీ పత్రిక ఐదో అధ్యాయంలో యేసు పెద్దగా కేకలు పెట్టి, కన్నీళ్లతో ప్రార్థించాడని ఉంది. ఆ పోయినవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్ల ఏడుపు విన్న యాజకుడికి ఏడుపు కొత్త కాదు. నేను ఆ ఒక్క మాట పట్టుకునే మళ్లీ బాయిల దిగాను.

ఇక నువ్వు చేయాల్సింది చెబుతాను. కొత్త అయ్యగారిని పాత అయ్యగారితో పోల్చకు. ఇద్దరూ సేవకులే, నీకూ దేవునికీ మధ్య నిలబడే యాజకులు కారు. ఆయన కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్నాడు, ఒక సాయంత్రం నువ్వే వెళ్లి పలకరించు.

అక్కతో పోట్లాడకు. భర్త పోయిన మనిషి ఏ తలుపు కనిపిస్తే ఆ తలుపు కొడుతుంది. కానీ పైసలు తీసుకుని ప్రార్థన చేసేవాడికి దేవుని దగ్గర నీకంటే దగ్గరి దారేమీ లేదని ఆమెకు నెమ్మదిగా తెలియాలి. హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయం ధైర్యంగా కృపాసనం దగ్గరికి రమ్మని అందరినీ పిలుస్తోంది, అక్కడ చీటీ అడిగేవాళ్లు లేరు. రాత్రి భోజనాలయ్యాక ఆమె చేయి పట్టుకుని నువ్వే ప్రార్థన చెయ్యి. మాటలు రాకపోతే బావ పేరు తలుచుకుని ఊరుకున్నా చాలు.

ఇంకొకటి. యేసును నమ్మినవాళ్లందరినీ యాజక సమూహం అన్నాడు పేతురు. అంటే ఇతరుల కోసం దేవుని ముందు నిలబడే పని నీకూ ఉంది. బాయి మొగదల దగ్గర తోటివాళ్లు కట్టమైసమ్మకు దండం పెట్టుకుని దిగుతారు. వాళ్ల ఇంటివాళ్లూ అక్కలాగే తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు. వాళ్లను చిన్నచూపు చూడకు. క్యాప్‌ల్యాంపు పెట్టుకునేటప్పుడు నీ గ్యాంగులో ఉన్న ఒక్కొక్కరి పేరూ, సర్దారు పేరుతో సహా, ప్రభువుకు చెప్పి దిగు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధనకు నేను గోదావరిఖని వస్తున్నాను. ఆలోగా హెబ్రీ పత్రిక 13 అధ్యాయాలూ ఒకే బిగిన చదివెయ్యి, గంట కూడా పట్టదు. ఏడో అధ్యాయంలో అర్థం కానివి కాగితం మీద రాసి పెట్టు. మధ్యాహ్నం అక్కతో కలిసి ముగ్గురం కూర్చుందాం. కుదిరితే కొత్త అయ్యగారిని కూడా భోజనానికి పిలువు.

మీ మామ