స్టీరింగు నూనె ఎటు పోయింది?

తృతీయ బి.యస్సీ. విద్యార్థి

పదార్థం కొత్తగా పుట్టదు, నశించదు, రూపం మాత్రమే మారుతుందని హైస్కూల్లోనే చదువుకున్నాం. 18వ శతాబ్దంలో లవోయిజియే త్రాసు పెట్టి చూపిన సూత్రమిది. పరీక్షలో రాసి మార్కులైతే తెచ్చుకున్నాం గాని, ట్రాక్టరు పక్కన నిలబడి కూడా దీన్ని వాడుకోవచ్చునని మనలో చాలామందికి తట్టదు. పవర్ స్టీరింగులో నూనె తగ్గిపోతుంటే అది ఎటు పోతున్నదో కనిపెట్టే పద్ధతిని, మా స్టూవర్టుపురంలో జరిగిన ఒక ఉదాహరణతో వివరించ ప్రయత్నిస్తాను.

ముందుగా యంత్రం సంగతి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు బురదలో కూరుకుపోతాయి. మామూలు స్టీరింగైతే తిప్పి తిప్పి రెక్కలు పడిపోతాయి. పవర్ స్టీరింగులో ఆ పని నూనె చేస్తుంది. ఇంజను తిప్పే పంపు ట్యాంకులోని నూనెను పీల్చి ఒత్తిడితో వాల్వుకు పంపుతుంది. మనం స్టీరింగు ఎటు తిప్పితే వాల్వు ఆ వైపు దారి తెరుస్తుంది. నూనె సిలిండరులోని పిస్టనును నెట్టగా చక్రం తిరుగుతుంది. మిగిలిన నూనె తిరుగు గొట్టం ద్వారా ట్యాంకుకు చేరుతుంది. ఇది పాస్కల్ సూత్రమే. పిస్టను వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లు, పీడనం చదరపు సెంటీమీటరుకు 80 కిలోలు అనుకుందాం. అప్పుడు చక్రాన్ని నెట్టే బలం 1600 కిలోలు. అంత బలాన్ని డ్రైవరు వేళ్ళతో నడిపిస్తాడన్నమాట.

ఇలాంటి స్టీరింగును అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1920లలోనే తయారుచేసి కారుకు బిగించి చూపించాడు. మార్కెట్లో అమ్మే కారులో మొదట పెట్టింది 1951లో క్రైస్లర్ కంపెనీ. నేటి కొత్త కార్లలో చాలావాటికి ఈ పని కరెంటు మోటారు చేస్తుంది, వాటిలో నూనే లేదు. ట్రాక్టర్లలోనూ పాత స్పోర్ట్సు కార్లలోనూ మాత్రం నూనెదే రాజ్యం.

ఇక అసలు విషయం. ఈ నూనె పెట్రోలు మాదిరి ఖర్చయ్యేది కాదు, తిరిగిన దారినే తిరుగుతుంది. కాబట్టి తగ్గిందంటే ఎక్కడికో పోయినట్టే.

గత దాళ్వాలో మా బాబాయి పక్క ఊరి రైతుగారి ట్రాక్టరు నడిపాడు. స్టీరింగు ట్యాంకులో నూనె రోజూ తగ్గుతూ వచ్చింది. బండి కింద చూస్తే చుక్క లేదు. "రాత్రిపూట ఎవరో తీస్తున్నట్టున్నారు" అన్నారు రైతుగారు. బాబాయి పేరెత్తలేదు గాని, రాత్రిళ్ళు బండి ఉండేది మా ఇంటిముందే.

మా ఊరివాడికి ఆ మాట ఎంత బరువో చెప్పాలి. బాపట్ల, చీరాలల మధ్య ఉన్న ఈ ఊరు 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబాల సెటిల్‌మెంటుగా ఏర్పడింది. పుట్టుకను బట్టి మనుషుల్ని నేరస్థులుగా లెక్కగట్టే చట్టం 1871లో వచ్చింది, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు, 1952లో రద్దయింది. చట్టమైతే పోయింది. అనుమానం మాత్రం సినిమాల్లోనూ మాటల్లోనూ ఇంకా బతికే ఉంది.

బాబాయి నాతో, "ఏరా, సైన్సు చదువుతున్నావుగా, ఈ నూనె ఎటు పోతోందో చెప్పు" అన్నాడు. రైతుగారిని కూడా రమ్మని, ఆయన ఎదుటే వరుసగా పరీక్షలు చేశాం.

మొదటిది, రాత్రి పరీక్ష. వేడికి నూనె వ్యాకోచించి మట్టం పెరుగుతుంది. అందుకని ఇంజను పూర్తిగా చల్లారాక, చదునైన నేలమీద, చక్రాలు తిన్నగా పెట్టి మట్టం గుర్తు పెట్టాం. మూతమీద కాగితం అంటించి రైతుగారి చేత సంతకం పెట్టించాం. తెల్లవారి చూస్తే కాగితం చిరగలేదు, మట్టం మారలేదు.

రెండవది, పని పరీక్ష. 4 గంటలు నడిపి, చల్లారనిచ్చి, కొలపాత్రతో పాత మట్టానికి నింపితే సుమారు 100 మిల్లీలీటర్లు పట్టింది. మర్నాడు 8 గంటలు నడిపితే దాదాపు 200 పట్టింది. అనగా నష్టం కాలాన్ని బట్టి కాదు, ఇంజను తిరిగిన గంటలను బట్టి. దీంతో దొంగతనం మాట తేలిపోయింది.

మూడవది, బయటి కారుడు. గొట్టాలు, బిగింపులు, సిలిండరు కడ్డీ, స్టీరింగు కింది వాల్వు అన్నీ కిరోసిన్ గుడ్డతో తుడిచి, కింద పాత పేపర్లు పరిచి, ఇంజను నడుస్తుండగా స్టీరింగు అటూ ఇటూ తిప్పించాం. చివరిదాకా తిప్పినప్పుడు 5 సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, పంపు వేడెక్కుతుంది. పేపర్లు పొడిగానే ఉన్నాయి. గొట్టం కారితే బిగింపు దగ్గర తడి ఉంటుంది. సిలిండరు సీలు పోతే కడ్డీమీద నూనె పొర నిలుస్తుంది. పీల్చే గొట్టం వదులైతే గాలి చొరబడి ట్యాంకులో నురుగు, పంపులో ఊళ వస్తాయి. ఇవేవీ లేవు.

నేల తడవలేదు, గాలిలో కలవలేదు. అయితే బండిలోనే ఎక్కడో ఉండాలి. ఇంజను ఆయిలు పుల్ల తీసి చూశాం. తగ్గవలసిన ఆయిలు పై గీత దాటి ఉంది! డీజిలు వాసన లేదు, నీళ్ళు కలిస్తే వచ్చే పాలరంగూ లేదు. ఈ ట్రాక్టరులో పంపును ఇంజను లోపలి పళ్ళచక్రమే తిప్పుతుంది. పంపు షాఫ్టు సీలు అరిగితే స్టీరింగు నూనె తిన్నగా ఇంజనులోకి దిగుతుంది. మెకానిక్కు పంపు విప్పి చూస్తే సీలు పెదవి చిట్లి ఉంది. సీలు మార్చి, పల్చబడిన ఇంజను ఆయిలు కూడా పారబోసి కొత్తది పోశారు. అలాగే నడిపి ఉంటే బేరింగులు పోయి, ఖర్చు ఎన్నో రెట్లయ్యేది.

పాత స్పోర్ట్సు కార్లలోనూ ఇలాంటి దాగిన కారుడు ఉంటుంది. స్టీరింగు ర్యాకు చివరల సీళ్ళు పోతే నూనె రబ్బరు తొడుగుల్లో నిండుతుంది గాని నేలమీద పడదు. తొడుగు నొక్కి చూస్తే మెత్తగా, బరువుగా తగులుతుంది.

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా గొట్టాన్ని చేత్తో తడిమి కారుడు వెదకరాదు. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. మొదట చీమ కుట్టినట్టే ఉంటుంది. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయవలసి రావచ్చు. వెంటనే ఆస్పత్రికి పోవాలి. కారుడు వెదకడానికి అట్టముక్క వాడాలి.

రైతుగారు సీలు చేతిలోకి తీసుకుని చూసి, "నోరు జారాను, ఏమనుకోకు" అన్నారు. బాబాయి ఈ ఏడు కూడా ఆ బండే నడుపుతున్నాడు.

ఈ పరీక్షలకు పట్టిన సరంజామా ఒక కొలపాత్ర, పాత పేపర్లు, కిరోసిన్ గుడ్డ, ఒక కాగితం. మన లేబరేటరీలో వీటికంటే ఖరీదైనవి చాలా ఉన్నాయి. మిత్రులారా, సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒకసారి ఇంజను ఆయిలు పుల్ల తీసి చూడండి. ఏదైనా తగ్గిందని విన్నప్పుడు, ఎవరు తీశారని అడిగేముందు, ఎటు పోయి ఉంటుందని అడగండి.