లావుది వంగాల, సన్నది సుట్టాల

నా మనవడు విశాఖలో మధురవాడ వైపు కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. జీతంలో మిగిల్చుకుని చేపల కర్ర కొన్నాడు, దానికో రీలు, రీలుకి తలవెంట్రుకంత సన్నటి అల్లిక దారం. కొసన రాళ్ళకి కోసుకుపోకుండా నా డబ్బాలోంచి బారెడు లావు నైలాన్ తీసుకుని తగిలించుకున్నాడు. ఆదివారం పొద్దున్నే అప్పికొండ రాళ్ళ మీద నిలబడి విసిరాడు. పార చేప పడింది. కర్ర విల్లులా వంగింది, రీలు కీచుమంది. అంతలో దారం ఈకలా తేలిపోయి వెనక్కి వచ్చేసింది.

"బోగస్ దారం తాతా" అన్నాడు.

కొస పట్టుకుని చూశాను. ఎక్కడా పోగు లేవలేదు, స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంది. దారం తెగలేదు, ముడిలోంచి జారిపోయింది. "దారం మంచిదేరా, ముడి నీది" అన్నాను.

ఆ రోజు మొదలుకొని వాడికి చెప్పుకొచ్చినవి ఇవి. కొన్ని పెద జాలారిపేటలో తెప్ప మీద బతికిన మా నాయినవి. కొన్ని ఉక్కు ఫ్యాక్టరీలో రిగ్గర్‌గా ఇనప తాళ్ళతో గడిపిన నా ముప్పై ఏళ్ళవి. తక్కినవి నేను పోగొట్టుకున్న చేపలు నేర్పినవి.

1. ముడి వేసే ముందు రెండు దారాల్నీ బకెట్లో వెయ్యి.

ఒక్కో దారం ముక్క జానెడు కోసి ఉప్పునీళ్ళలో ముంచి చూడు. అల్లిక దారం తేలుతుంది. నైలాన్ నెమ్మదిగా దిగుతుంది. ఫ్లోరోకార్బన్ అని అమ్మేది గులకరాయిలా అడుక్కి పోతుంది. దుకాణంలో మూడూ దారాలే, నీళ్ళలో మాత్రం మూడు జాతులు. అల్లిక దారం పాలిథిలిన్ జాతిది, నీటికన్నా తేలిక. ఫ్లోరోకార్బన్ నీటికి ఒకటిముప్పావు రెట్లు బరువు. జపాన్‌లో కురేహా అనే కంపెనీ 1971లో దాంతో గేలపు దారం తీసింది.

బకెట్లో కనబడనిది ఇంకొకటుంది, సాగుడు. నైలాన్ నూటికి ఇరవై, ముప్పై పాళ్ళు సాగాక తెగుతుంది. అల్లిక దారం మూడు, నాలుగు పాళ్ళు సాగితే గొప్ప. పైగా సబ్బు రాసినంత నున్నన. ఒకటి సాగేది, ఒకటి సాగనిది, ఒకటి పట్టేది, ఒకటి జారేది. ఇవి తెలియకుండా ముడి నేర్చుకున్నవాడికి వేళ్ళ కసరత్తే మిగుల్తుంది.

పెళ్ళిలో మూడు ముళ్ళు వేసేవాడికి ఈ బాధ లేదు. అక్కడ ఒకే తాడుకి మూడు ముళ్ళు. మనది రెండు తాళ్ళకి ఒకే ముడి.

2. లావుది వంగాల, సన్నది సుట్టాల.

ఇది మా నాయిన మాట. ఆయనకి ముళ్ళ పేర్లు తెలీవు. నేను తిరగేసి కట్టినప్పుడల్లా నెత్తి మీద మొట్టి, "ఒరే, లావుది వంగాల, సన్నది సుట్టాల. తిరగేసినావంటే గంగమ్మకి ఇచ్చేసినట్టే" అనేవాడు.

ఎందుకో చెప్పేవాడు కాదు. చాన్నాళ్ళకి నాకే అర్థమైంది. లావు తాడుకి మెలిక తిరగడం ఇష్టముండదు. బలవంతంగా చుట్టినా స్ప్రింగులా విప్పుకోవాలనే చూస్తుంది. ఒక్కసారి మెడ వంచమంటే వంచుతుంది, అంతే. ఆ వంపుని పట్టుకుని చుట్టే పని సన్నదానిది. సన్నది ఎన్ని మెలికలైనా తిరుగుతుంది, తిరిగిన కొద్దీ పట్టు పెరుగుతుంది.

వల అల్లేటప్పుడు కన్నుకి వేసే ముడి ఇదే తీరు. ఉన్న కన్ను వంపులా నిలబడితే కొత్త దారం అందులోంచి పైకి వచ్చి, వెనక నుంచి రెండు కాళ్ళనీ చుట్టి, తన కిందకే తను దూరుతుంది. మన పోర్టుకి వెళ్ళి చూడు. 1933 నుంచి అక్కడికి ఓడలు వస్తున్నాయి, ఓడ కట్టే పద్ధతి పెద్దగా మారలేదు. ఓడ మీంచి ముందు కొసకి బరువున్న సన్న తాడొకటి జెట్టీ మీదకి విసురుతారు. దాని వెనకాలే తొడంత లావు మోకు వస్తుంది. ఆ రెంటినీ వలకన్ను ముడితో కలపాలంటే వంగేది మోకు, చుట్టేది విసురు తాడు. వలలో వేలిగోరంత ఉన్న ముడే అక్కడ బుట్టంత అవుతుంది.

గేలం దారాల్లో దీని తమ్ముడే ఆల్‌బ్రైట్ ముడి. లావు నైలాన్ కొసని వంచి పట్టుకో. సన్న దారాన్ని ఆ వంపులోంచి దూర్చి జానెడు లాగు. వంపు రెండు కాళ్ళనీ, సన్న దారం వచ్చిన దారినీ కలిపి వేళ్ళతో అదిమి, వంపు కొస వైపుకి పది చుట్లు పక్కపక్కనే చుట్టు. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు. చివర్న సన్నది వంపులోకి ఏ పక్కనుంచి వెళ్ళిందో ఆ పక్కనుంచే బయటికి రావాలి. రెండో పక్కనుంచి వచ్చిందా, ముడి చూడ్డానికి ముడిలాగే ఉంటుంది, చేప లాగినప్పుడు మాత్రం ఉండదు. నేను ఏళ్ళ తరబడి వేశాక కూడా ఇక్కడ తప్పుతుంటాను.

క్లిఫర్డ్ ఆష్లే అనే అమెరికా ఆయన 1944లో ముళ్ళ మీద పెద్ద పుస్తకం వేశాడు. అందులో 3,800 పైచిలుకు బొమ్మలకి నంబర్లున్నాయి. నేను చూశాను. గేలం పట్టుకునేవాడికి అందులో నాలుగు చాలు. ఆ నాలుగూ చీకట్లో రావాలి.

3. నున్నటిదానికి చుట్లు ఎక్కువ.

మా ఇంట్లో నూలు వలలున్నప్పుడు కన్నుకి ఒక ముడి సరిపోయేది. నూలు గరుకు, తడిస్తే ఉబ్బి ఇంకా బిగుస్తుంది. చెట్టు బెరడు ఉడికించిన కషాయంలో ముంచి, ఎండబెట్టి, మళ్ళీ ముంచి వాడేవాళ్ళు, లేకపోతే కుళ్ళిపోయేది. నైలాన్ వచ్చాక కషాయం కుండ మూలకెళ్ళింది. దాంతో అమ్మకి సంబరం, నాయినకి తలనొప్పి. పాత ముడి వేస్తే కన్ను కదిలిపోయేది. ఒక చుట్టు అదనంగా తిప్పి జంట ముడి వెయ్యడం అప్పుడు మొదలైంది. దారం మారితే ముడి మారాలని నేను మొదట చూసింది అక్కడ.

అల్లిక దారం నైలాన్‌కి తాత. నా మనవడు వేసింది ఎదురెదురు జారుముళ్ళు. యూని ముడి అంటారట. ఒక్కో దారం రెండోదాని చుట్టూ ముడి వేసుకుని, లాగితే రెండు ముళ్ళూ జారి ఒకదాన్నొకటి కౌగిలించుకుంటాయి. మంచి ముడే, నేర్చుకోవడం కూడా తేలిక. వాడు రెండు వైపులా అయిదేసి చుట్లు తిప్పాడు. నైలాన్ వైపు అయిదు దండిగా సరిపోతాయి. అల్లిక దారం వైపు ఎనిమిదైనా కావాలి, లేదా ఆ దారాన్ని జంటగా మడిచి వెయ్యాలి. మూడు చుట్ల లోపంతో పోయింది ఆ పార.

కర్ర, రీలు వాడేవాళ్ళకి ఇంకో చిక్కుంది. ముడి లావైతే కర్ర మీది రింగులకి తగిలి దారం సరిగా పోదు. దానికి ఎఫ్‌జీ ముడి ఉంది. అది వాడే నాకు నేర్పాడు, నేను కాదు వాడికి. ఇందులో నైలాన్‌ని వంచనే వంచరు, నిటారుగా ఉంచుతారు. అల్లిక దారాన్ని బిగువుగా పట్టి దాని చుట్టూ ఇటొకటి అటొకటిగా ఇరవై దాకా జడలా అల్లుతారు. చివర్న చిన్న చిన్న సగం ముళ్ళతో తాళం వేస్తారు. లాగిన కొద్దీ అల్లిక నైలాన్ ఒంట్లోకి దిగుతుంది, కుండ బరువుకి ఉట్టి బిగుసుకున్నట్టు. వదులుగా అల్లితే మాత్రం ఎన్ని చుట్లు వేసినా దండగ. మా నాయిన మాటలో సగం ఇక్కడ పనిచెయ్యలేదు. ఆయనుంటే ఒప్పుకునేవాడు కాదు, రెండ్రోజుల తర్వాత ఎవరూ చూడకుండా వేసి చూసుకునేవాడు.

4. తడపకుండా బిగించకు.

పొడి నైలాన్‌ని చురుగ్గా లాగితే దారం దారానికి రాసుకుని వేడెక్కుతుంది. కంటికి ఏమీ కనబడదు, బలం పోతుంది. నోట్లో పెట్టుకో, ఉమ్ముతో తడుపు, మెల్లగా లాగు. బీడీ నిప్పుతో కొసలు కాల్చి గుండు చెయ్యడం పాతకాలపు అలవాటు. నైలాన్‌కి ఏదో సాగింది. అల్లిక దారం కొద్దిపాటి వేడికే కరుగుతుంది, దాని దగ్గరికి నిప్పు తేవద్దు.

5. ఇనుముకి ముడి లేదు.

1992లో ఉక్కు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసేనాటికి నేను చేయి తిరిగిన రిగ్గర్ని. టన్నుల కొద్దీ బరువులు ఇనప తాడు మీద వేలాడదీశాం. ఒక్కనాడూ ఇనప తాడుకి ముడి వేసింది లేదు. ముడి వేస్తే పేటలు విరిగి, తాడు ఆ చోట చస్తుంది. కొసని మడిచి పేటల్ని తాట్లోకే అల్లాలి, లేదా బుల్‌డాగ్ క్లిప్పులు బిగించాలి. క్లిప్పులోనూ మర్యాద ఉంది. దాని వంపు బోల్టు నొక్కుతుంది, గాట్లున్న పీట పట్టుకుంటుంది. బరువు మోసే తాడు పీట మీద కూర్చోవాలి, బోల్టు దెబ్బ పొట్టి కొస తినాలి. కుర్రతనంలో ఒకసారి తిరగేసి బిగించాను. మా మేస్త్రీ పైకెత్తక ముందే చూశాడు. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

సొర కోసం, కోనం కోసం గేలానికి తీగ కట్టేవాళ్ళకి ఇదే వర్తిస్తుంది. ఆ పళ్ళకి నైలాన్ ఆగదు. ఒంటి తీగైతే దాన్ని దాని మీదకే మెలివేసి కన్ను చెయ్యి. పేటల తీగైతే గొట్టం తొడిగి నొక్కు. ఆ కన్నుకి స్వివెల్ అనే తిరుగుడు కీలు, స్వివెల్‌కి నైలాన్. రెండు జాతులకీ మధ్య మూడోదాన్ని పెట్టడం చేతకానితనం కాదు. తీగనీ నైలాన్‌నీ నేరుగా కలిపి నేను పోగొట్టుకున్న కోనాలతో చిన్న విందు జరిగేది.

6. పక్కపక్కన కట్టిన తాళ్ళు బరువు పంచుకుంటాయని నమ్మకు.

కొసాకొసా కలిపిన దారాల్లో లాగుడు రెంటికీ ఒకటే. పక్కపక్కన కట్టినప్పుడు లెక్క వేరు. ఇది తెలిసే వయసులోనే తప్పు చేశాను.

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదుగానే తీరం దాటింది. ముందు రోజు మా చిన్నాన్న కొడుకు హార్బర్లో బోటు కట్టుకుంటున్నాడు, లావు నైలాన్ మోకుతో. "ఆ గాలికి ఇదెక్కడ ఆగుతాదిరా, ఇనప తాడు కూడా కట్టు" అన్నది నేనే. కట్టాడు. అల వచ్చినప్పుడల్లా బోటు వెనక్కి తన్నుకుంటుంది. నైలాన్ సాగి ఆ దెబ్బని మింగాలి. పక్కనున్న ఇనుము సాగదు కాబట్టి నైలాన్ సాగే లోపే మొత్తం కుదుపు తనే తీసుకుంది. తాడు తెగలేదు. బోటు మీద తాడు కట్టిన గుంజే చెక్కతో సహా ఊడొచ్చింది. ఆ తర్వాత ఒంటరి మోకు, ఆ తర్వాత పక్క బోట్లు. ఒక్క నైలానే రెండు మోకులు వేసుంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు గానీ, నా సలహా లేకపోతే గుంజైనా మిగిలేది. వాడు ఇప్పటికీ "అన్నయ్యా, నువ్వు సెప్పినావు కదా" అంటాడు, నవ్వుతూనే.

7. ఎక్కడ తెగాలో నువ్వే నిర్ణయించు.

ఎంత గట్టి దారమైనా ఎక్కడో ఒకచోట తెగుతుంది. రాళ్ళ మీద గేలం వేసేటప్పుడు కొసనున్న నైలాన్ అసలు దారం కన్నా బలం తక్కువది పెట్టు. రాతిలో ఇరుక్కుంటే గేలం, బారెడు నైలాన్ పోతాయి, మిగతాది చేతికొస్తుంది. తిరగేస్తే వంద మీటర్ల దారం సముద్రంలో ఉంటుంది.

పూడిమడక వైపు సూర చేపలకి చేత్తో దారం వదిలే వేట మీద చాలా ఇళ్ళు బతుకుతాయి. ఆ దారానికి అప్పుడప్పుడు కొమ్ము కోనం పడుతుంది. అది లాగితే మనిషే నీళ్ళలోకి పోతాడు. అలా పోయినవాళ్ళ సంగతి పేపర్లలో చదివాం. దారాన్ని చేతికి చుట్టుకోకు. పాదాల దగ్గర చుట్టలు చుట్టలుగా పడనివ్వకు. కత్తి అందేచోట పెట్టుకో. నీ ముడి గట్టిదైన కొద్దీ ఈ మాట ఎక్కువ గుర్తుండాలి.

8. చేప కంటే ముందు బకెట్‌తో పరీక్ష పెట్టు.

మా పెరట్లో జామకొమ్మ ఉంది. ముడి వేసిన దారాన్ని దానికి కట్టి, కింద బకెట్ తగిలించి చెంబుతో నీళ్ళు పోస్తాను. లీటరుకి కిలో, కాటా అక్కర్లేదు. పది కిలోల దారానికి మామూలు గుడ్డి ముడి వేస్తే సగం బకెట్‌కే పుటుక్కుమంది. అదే దారం ఆల్‌బ్రైట్‌తో ఎనిమిది దాటింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లకి వేట నిషేధం. జాలారిపేటలో వలలు బాగుచేసుకునేదీ, కొత్త ముళ్ళు చూసుకునేదీ అప్పుడే. నా మనవడు ఒక్క వారంలో జామచెట్టు కింద బురద చేశాడు. మా ఆవిడకి కోపం వచ్చిందిగానీ మొక్కకి నీళ్ళందాయి.

9. ముక్కలు జేబులో వేసుకో.

శీతాకాలం వెళ్ళేవేళ మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటికి చుట్టుకునే నైలాన్ కుళ్ళదు. నువ్వు కొరికి ఉమ్మిన జానెడు ముక్క నీ తర్వాత కూడా ఉంటుంది.

10. చీకట్లో వెయ్యి.

చేప పడే వేళకి వెలుతురుండదు. మా నాయిన నా కళ్ళకి తువ్వాలు కట్టి ముడి వెయ్యమనేవాడు. ఇప్పుడు నా వేలికొసలు మొద్దుబారాయి. నైలాన్ తెలుస్తుంది, ఆ వెంట్రుక దారం తగిలిందో లేదో తెలియదు. అందుకే పోయిన ఆదివారం తెల్లవారుజామున అప్పికొండలో నేను లావు కొస వంచి పట్టుకున్నాను, వాడు సన్నది చుట్టాడు. ఫోన్ లైటు ఆర్పెయ్యమన్నాను. వెనకాల ఫ్యాక్టరీ వెలుగు మబ్బు మీద ఎర్రగా పడుతోంది, మా చేతుల మీద పడట్లేదు. పది చుట్లూ పైకే లెక్కపెట్టాడు, వెళ్ళిన పక్కనుంచే బయటికి తీశాడు. తడపడానికి ముడిని నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పగా ఉంది తాతా" అన్నాడు.