ఎన్.బి.ఎ. 2కె: తెర మీది బాస్కెట్‌బాల్‌లో గుణాలు, దోషాలు

మన హాస్టల్లో సాయంత్రం వేళ కబడ్డీ, వాలీబాల్ ఆడేవారే ఎక్కువ. అయినా సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చి "అన్నా, ఎన్.బి.ఎ. 2కె ఆడాను" అని చెప్పే తమ్ముళ్లు ఈమధ్య పెరిగారు. "అది ఆడితే నిజం ఆట వస్తుందా?" అని కూడా అడుగుతున్నారు. దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పి ఊరుకోవడం కుదరదు. అందుకే ఈ ఆట మంచిచెడ్డలను కాస్త వివరంగా రాస్తున్నాము.

ముందు దాని పుట్టుక తెలుసుకుందాం. ఎన్.బి.ఎ. అంటే నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్. అమెరికాలోని 29 జట్లు, కెనడాలోని ఒక జట్టు కలిసి ఆడే పోటీ అది. ఆ పోటీని తెరపైకి తెచ్చే 2కె ఆటను విజువల్ కాన్సెప్ట్స్ అనే సంస్థ తయారు చేస్తోంది. మొదటి ఆట 1999లో సెగా వారి డ్రీమ్‌కాస్ట్ అనే గేమ్ యంత్రం కోసం వచ్చింది. 2005లో సెగా ఈ సంస్థను టేక్-టూ కంపెనీకి అమ్మింది. ప్రతి ఏడూ ఒక కొత్త ఆట వస్తుంది. పేరు చివర ఉండే అంకె రాబోయే సంవత్సరాన్ని సూచిస్తుంది. అంటే 2010 అక్టోబరులో వచ్చినది 2కె11 అన్నమాట.

ఈ ఆటలోని మొదటి గొప్పతనం బంతి వేయడంలో ఉంది. చాలా వీడియో గేములలో బటన్ నొక్కితే చాలు, పని అయిపోతుంది. ఇందులో అలా కాదు. బటన్ నొక్కగానే ఆటగాడు పైకి ఎగురుతాడు. అతని చెయ్యి బంతిని విడిచే క్షణం కనిపెట్టి మనం బటన్ వదలాలి. ముందు వదిలినా, ఆలస్యం చేసినా బంతి రింగుకు తగిలి బయటకు వస్తుంది. ఆ క్షణం అందరికీ ఒకటే కాదు. నిజమైన ఆటగాళ్ల శైలిని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో రకం షాట్ పెట్టారు. స్టీఫెన్ కర్రీ చెయ్యి మెరుపులా కదులుతుంది. షకీల్ ఓనీల్‌తో ఫ్రీ త్రో వేయాలంటే చెమటలు పడతాయి. నిజ జీవితంలోనూ ఓనీల్ వంద ఫ్రీ త్రోలకు సుమారు 53 మాత్రమే వేయగలిగాడు. ఎదుటి జట్టువాడు చెయ్యి అడ్డం పెడితే షాట్ తప్పే అవకాశం పెరుగుతుంది. విశ్రాంతి లేకుండా పరిగెత్తిస్తే ఆటగాడు అలసిపోతాడు, గురి తప్పుతుంది. బెంచీ మీద ఉన్నవారిని ఎప్పుడు దించాలో ఆలోచించక తప్పదు.

రెండవది, ఆట నియమాలు. 24 సెకన్లలో షాట్ వేయాలి, ఆరు ఫౌల్స్ అయితే ఆటగాడు బయటకు పోవాలి. ఇలాంటివి పుస్తకంలో చదివితే మరచిపోతాం గానీ, ఇక్కడ పదిసార్లు నష్టపోతే గుర్తుండిపోతాయి. తోటి ఆటగాడు వెళ్లి ఎదుటివాడికి అడ్డం నిలబడి, ఆ వెంటనే మన దగ్గర పాస్ అందుకోవడానికి రింగు వైపు దూరడాన్ని పిక్ అండ్ రోల్ అంటారు. పై నుంచి కెమెరా చూపిస్తుంది కాబట్టి ఆ ఎత్తుగడ కోర్టులో కంటే తెర మీదే తొందరగా అర్థమవుతుంది. తమ్ముళ్ల ప్రశ్నకు మా సమాధానం ఇక్కడే ఉంది. ఈ ఆట కంటికి చదువు చెబుతుంది, చేతికి చెప్పదు. బంతి బరువు, మోకాళ్ల నొప్పి, పది అడుగుల ఎత్తున ఉన్న రింగు - వీటి గురించి బొటనవేళ్లకు ఏం తెలుస్తుంది?

అన్నిటిలోకి 2కె11 మాకు ఎక్కువ నచ్చింది. దాని అట్ట మీద మైకేల్ జోర్డాన్ ఉన్నాడు. అప్పటికి ఆయన ఆట మానేసి ఏడేళ్లయింది. ఆయన జీవితంలోని పది మ్యాచ్‌లను ఆనాటి జట్లతో, ఆనాటి యూనిఫారాలతో మళ్లీ కట్టి మన చేతికి ఇచ్చారు. వాటిలో ఒకటి 1986 ఏప్రిల్ 20న బోస్టన్‌లో జరిగిన మ్యాచ్. కాలు విరిగి ఆ సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లకు దూరమైన జోర్డాన్ తిరిగి వచ్చి 63 పాయింట్లు చేశాడు. అయినా రెండు అదనపు సమయాల తరువాత అతని చికాగో జట్టు 131-135తో ఓడిపోయింది. ప్లే ఆఫ్ మ్యాచ్‌లలో ఆ 63 నేటికీ రికార్డే. గెలుపు తేదీలతో పాటు ఇలాంటి ఓటమినీ ఎంచుకోవడం చరిత్ర పాఠం లాంటిది. అయితే అందులోనూ ఒక వెలితి ఉంది. జోర్డాన్ కాలపు మేటి ఆటగాడు చార్లెస్ బార్క్లీ ఒప్పందం కుదరక ఆటలో లేడు.

వాస్తవికత కోసం వీరు ఎంత దూరం వెళ్లారంటే, ఆటగాళ్ల ఒంటిమీది పచ్చబొట్లను కూడా దించారు. ఆ బొమ్మల హక్కులు తమవంటూ ఒక కంపెనీ కోర్టుకు వెళ్లింది. 2020లో తీర్పు టేక్-టూకే అనుకూలంగా వచ్చింది.

ఇక దోషాలు. ఆటగాళ్ల కదలికలను ముందే కెమెరాలతో రికార్డు చేసి కంప్యూటర్లో దాచి ఉంచుతారు. ఇద్దరు ఆటగాళ్లు ఢీకొనగానే ఆ దాచిన కదలిక ఒకటి మొదలవుతుంది. అది పూర్తయ్యేవరకు మనం ఏ బటన్ నొక్కినా లాభం లేదు. పక్కకు తప్పుకుందామనుకున్నవాడు అయస్కాంతం లాగినట్టు వెళ్లి ఎదుటివాడికి అతుక్కుంటాడు. చూడటానికి నిజంలా ఉంటుంది కానీ, ఆడుతున్నది మనమేనా అని అనుమానం వస్తుంది.

ఇది సాంకేతిక లోపం, ఏటా కొంత సరిచేస్తున్నారు. మాకు బాధ కలిగించేది మరొకటి. 2012లో వచ్చిన 2కె13తో వీసీ అనే ఆట నాణేలు ప్రవేశపెట్టారు. మనం సొంతంగా ఒక ఆటగాణ్ణి తయారు చేసుకుంటే అతని షాట్, వేగం, ఎత్తుకు ఎగరడం అన్నీ ఆ నాణేలతోనే పెరుగుతాయి. నాణేలు మ్యాచ్‌లు ఆడి సంపాదించవచ్చు, లేదా అసలు డబ్బు పెట్టి కొనవచ్చు. ఆడి సంపాదించడం నత్తనడక. దాంతో ఇంటర్నెట్లో ఎదురయ్యేవాడు నైపుణ్యంతో గెలిచాడో, నాన్న జేబుతో గెలిచాడో తెలియదు. 2017లో వచ్చిన 2కె18లో ఆటగాడికి క్షౌరం చేయించడానికి కూడా నాణేలు కట్టమన్నారు. గోల చేశాక ధర తగ్గించారు. 2019లో 2కె20 ప్రచార చిత్రంలో జూదశాలల్లోని యంత్రం లాంటిది చూపించారు. లోపల ఎవరి కార్డు ఉందో తెలియకుండా ప్యాకెట్లు కొనడం జూదమేనని బెల్జియం పట్టుబట్టడంతో, ఆ దేశంలో 2018 నుంచి నాణేలతో వాటిని అమ్మడం ఆపారు. నిజమైన కోర్టులో షాట్ అమ్మకానికి దొరకదు. నిజానికి దగ్గరగా ఉంటామని చెప్పుకునే ఆట ఇక్కడే నిజానికి అన్నిటికంటే దూరంగా పోయింది.

పోటీ లేకపోవడం ఇందుకు ఒక కారణం. ఇ.ఎ. కంపెనీ 2010లో ఎన్.బి.ఎ. ఎలీట్ 11 అనే ఆటను విడుదలకు ముందే రద్దు చేసుకుంది. 2018 నాటి ఎన్.బి.ఎ. లైవ్ 19 తరువాత వారి నుంచి ఇంతవరకు ఆ వరుసలో మరొకటి రాలేదు. ఉన్నది ఒకే దుకాణం అయినప్పుడు ధర వారిదే.

కొన్నది కూడా మన దగ్గర ఎల్లకాలం నిలవదు. 2015 మార్చి నెలాఖరులో 2కె14 సర్వర్లు ఆపేయగానే చాలామంది దాచుకున్న ఆట తెరుచుకోలేదు. గొడవ చేస్తే మరికొన్ని నెలలు పొడిగించారు. 2కె20 సర్వర్లు 2021 డిసెంబరు 31తో ఆగిపోయాయి. దానిలో నెట్ మీద ఆధారపడిన భాగాలన్నీ అక్కడితో సరి. డిస్కులోనే ఉన్న 2కె11 జోర్డాన్ మ్యాచ్‌లకు మాత్రం ఇంటర్నెట్ అక్కర్లేదు, నాణేలు అక్కర్లేదు. పాత కంప్యూటర్ ఉన్న పూర్వ విద్యార్థుల ఇంట్లో వీలైతే బోస్టన్ మ్యాచ్ ఒకసారి ఆడి చూడండి. క్వార్టర్‌ను 12 నిమిషాలు పెట్టుకుంటే 63 పాయింట్లు చేయడం ఎంత కష్టమో మూడో క్వార్టర్‌కే తెలిసిపోతుంది.