చీలమండకు సర్జరీ... మళ్లీ ఆట ఎప్పుడు?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. వాలీబాల్ ఆడతాను. ఎడమ చీలమండ పదేపదే బెణుకుతుంటే లిగమెంటుకు సర్జరీ చేశారు. ఏడు వారాలైంది. నొప్పి లేదు గానీ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే కాలు వణుకుతోంది. కోచ్ ప్రాక్టీసుకు రమ్మంటున్నారు. ఫిజియోథెరపిస్టు ఆగమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకుడు, మెట్టుగూడ

జవాబు: ఇప్పటికి ఆగడమే మంచిది. నొప్పి తగ్గినంత మాత్రాన చీలమండ ఆటకు సిద్ధమైనట్టు కాదు. ఇన్నాళ్లూ కదలిక తగ్గడంతో మీ పిక్క కండరం సన్నబడి ఉంటుంది. పాదం ఏ కోణంలో పడుతోందో మెదడుకు చేరవేసే నరాల కొనలు లిగమెంట్లలో ఉంటాయి. అవి దెబ్బతింటే బ్యాలెన్సు తప్పుతుంది. మీ కాలు వణకడానికి ఈ రెండూ కారణం కావచ్చు.

ఈ సర్జరీ తర్వాత సాధారణంగా మొదటి రెండు వారాలు పాదం మీద బరువు వేయనివ్వరు. ఆరు వారాల దాకా చీలమండకు రక్షణ బూటు వేసి బరువు కొద్దికొద్దిగా పెంచుతారు. పాదం లోపలికి మెలిక పడకుండా చూస్తారు. ఆ తర్వాత కండరాలకు బలం, బ్యాలెన్సు వ్యాయామాలు మొదలవుతాయి. మూడు నెలలకు మెల్లగా పరుగు, నాలుగు నుంచి ఆరు నెలలకు ఆట. ఇది అందరికీ ఒకేలా ఉండదు.

అందుకే ఒక్కరే నిర్ణయించకూడదు. కుట్టిన లిగమెంటు ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పాల్సింది సర్జన్. ఒంటికాలి మీద నిలబెట్టి, మునివేళ్ల మీద లేపి, గెంతించి చూడాల్సింది ఫిజియోథెరపిస్టు. ఈ పరీక్షల్లో ఎడమ కాలు కుడికాలితో పోలిస్తే కనీసం 90 శాతం పనిచేయాలి. అప్పుడే కోచ్ వంతు వస్తుంది. ఆయన కూడా ముందు నిలబడి పాస్‌లు ఆడించి, జంప్‌లు చివర్లో పెట్టాలి. పరీక్షల వివరాలు ఒకే నోటుబుక్కులో రాయించి ముగ్గురికీ చూపించండి.

మీ దగ్గర్లోని రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ సంస్థ కోర్టుల్లో బ్యాడ్మింటన్ ఓనమాలు దిద్దిన పి.వి.సింధునే చూడండి. 2022 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన ఆమె, ఎడమ చీలమండ ఎముకలో చీలిక వల్ల అదే ఏడాది జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకున్నారు. మళ్లీ కోర్టులోకి దిగింది 2023 జనవరిలో. గాయం వేరైనా, తొందరపడకూడదన్న సూత్రం ఒక్కటే.

అప్పటిదాకా స్టేషన్‌లో లిఫ్ట్ వాడండి. మెట్లు తప్పకపోతే రెయిలింగ్ పట్టుకుని, ఎక్కేటప్పుడు కుడికాలు, దిగేటప్పుడు ఎడమకాలు ముందు వేయండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రాక్టీసుకు తేదీ మాత్రం సర్జన్, ఫిజియోథెరపిస్టు ఇద్దరూ సరేనన్నాకే పెట్టుకోండి.