తాత పుట్టిన ఊరు, నువ్వు వేసుకోవాలనుకునే జెర్సీ

చి॥ బాబుకు,

నీ ప్రశ్న సూటిగా ఉంది: “తాతయ్య గుంటూరు జిల్లాలో పుట్టారు, ఫిఫా రూల్సు ప్రకారం తాత పుట్టిన దేశానికి ఆడొచ్చు, మరి నన్నెందుకు ఇండియాకి ఆడనివ్వరు?” నువ్వు చదివింది సగం రూలే. ఫిఫా ముందుగా అడిగేది తాతను కాదు, పాస్‌పోర్టును. ఆ దేశ పౌరుడివై ఉండాలి. ఆ పౌరసత్వం కొత్తగా తీసుకున్నవాళ్లయితే, అది ఆట కోసం కొనితెచ్చుకున్నది కాదని తెలియడానికి ఇంకో ఆధారం అడుగుతుంది: అక్కడే పుట్టి ఉండాలి, లేదా అమ్మానాన్నల్లో ఒకరో తాతమామ్మల్లో ఒకరో అక్కడ పుట్టి ఉండాలి, లేదా కొన్నేళ్లు అక్కడ కాపురం ఉండాలి. మీ తాతయ్య పనికొచ్చేది ఈ రెండో గుమ్మం దగ్గర. అమెరికా పౌరుడివైన నువ్వింకా మొదటి గుమ్మమే దాటలేదు.

నీకు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది. దాని మీద నాలుగు సింహాల గుర్తు ఉంటుంది, పేరులో ‘సిటిజన్’ అనే మాట కూడా ఉంటుంది. అక్కడే చాలామంది పొరబడతారు. అది జీవితకాలపు వీసాతో పాటు మరికొన్ని సౌకర్యాలిచ్చే కాగితం, అంతే. ఓటు లేదు, చట్టసభకు పోటీ చేసే హక్కు లేదు. మన రాజ్యాంగం, 1955 నాటి పౌరసత్వ చట్టం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోవు. ఆటల్లో మాత్రం ఒకప్పుడు ఇంత పట్టింపు ఉండేది కాదు. అమెరికాలో పుట్టిన సునీతా రావు 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో సానియా మీర్జాతో కలిసి మన దేశం తరఫున టెన్నిస్ డబుల్స్ ఆడింది. విజయ్ అమృత్‌రాజ్ కొడుకు ప్రకాశ్ అమెరికా పౌరుడిగా ఉంటూనే మన తరఫున డేవిస్ కప్ ఆడాడు. 2008 డిసెంబరులో క్రీడల శాఖ ఆ తలుపు మూసింది: భారత పాస్‌పోర్టు లేనివాళ్లు భారత జట్టులో ఉండకూడదు. కోర్టుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. 2010లో ఢిల్లీ హైకోర్టు ప్రభుత్వం మాటే నిలబెట్టింది.

ఈ రూలు నీకు కోపం తెప్పిస్తుందని తెలుసు. నాకు మాత్రం ఇందులో న్యాయం ఉందనిపిస్తుంది. దేశభక్తి పాస్‌పోర్టులో ఉంటుందని కాదు. తాతను బట్టి కట్టే లెక్క చాలా బలహీనమైన లెక్క, అందుకు. 2023 జూన్‌లో హరారేలో జరిగిన ఒక క్రికెట్ మ్యాచ్ చూడు. వన్డే ప్రపంచ కప్ క్వాలిఫయర్‌లో వెస్టిండీస్ 374 కొట్టింది, నెదర్లాండ్స్ కూడా సరిగ్గా 374 దగ్గరే ఆగింది. సూపర్ ఓవర్‌లో లోగన్ వాన్ బీక్ ఒక్కడే 30 పరుగులు బాదాడు. ఈ వాన్ బీక్ పుట్టింది న్యూజిలాండ్‌లో, డచ్చి సంబంధం తండ్రి వైపు నుంచి వచ్చింది. తల్లి వైపు తాత సామీ గిలెన్ ట్రినిడాడ్‌లో పుట్టి వెస్టిండీస్‌కూ, తర్వాత న్యూజిలాండ్‌కూ టెస్టులాడిన వికెట్ కీపర్. అంటే మనవడు చితక్కొట్టింది ఒక తాతగారి పాత జట్టునే! తాతలను బట్టి చూస్తే అతను మూడు దేశాల మనిషి. రక్తాన్ని ఏ దేశం అని అడిగితే అది ఒక జవాబుతో ఆగదు.

అదే మ్యాచ్‌లో 76 బంతుల్లో 111 కొట్టి ఆటను అంతదాకా లాక్కొచ్చింది మనవాడే, తేజ నిడమానూరు. పుట్టింది విజయవాడ, పెరిగింది ఆక్లండ్. నెదర్లాండ్స్‌తో ఏ తాత తరపు చుట్టరికమూ లేదు. అక్కడికి వెళ్లి, క్లబ్ క్రికెట్ ఆడి, ఉద్యోగం చేసుకుని, ఐసీసీ అడిగే మూడేళ్ల నివాసం పూర్తిచేసి జట్టులోకి వచ్చాడు. వాన్ బీక్ ఆడటం తప్పని నేననను. కానీ ఇద్దరిలో ఎవరి హక్కు గట్టిదని నన్నడిగితే తేజ పేరే చెబుతాను. ఆ మూడేళ్లు అతను స్వయంగా గడిపినవి.

తాత లెక్కలో ఇంకో చిక్కు ఉంది, అది కాగితాల చిక్కు. రగ్బీలో వేల్స్ జట్టుకు ఆడిన షేన్ హోవర్త్, బ్రెట్ సింకిన్సన్‌లకు నిజానికి వేల్స్‌లో పుట్టిన తాతలే లేరని 2000లో బయటపడింది. అప్పటికే ఇద్దరూ ఎన్నో మ్యాచ్‌లు ఆడేశారు. 2025లో మలేషియా వ్యవహారం ఇంకా పెద్దది. జూన్‌లో వియత్నాంను 4-0తో ఓడించిన జట్టులో ఉన్న విదేశీ సంతతి ఆటగాళ్ల కాగితాలను ఫిఫా అసలు రికార్డులతో పోల్చి చూసింది. ఒక ఆటగాడి తాత పుట్టింది అర్జెంటీనాలోని శాంటా ఫే అయితే, దాఖలు చేసిన కాగితంలో ఆ ఊరు పోయి మలేషియాలోని పెనాంగ్ వచ్చి కూర్చుంది. ఏడుగురి కాగితాలూ దొంగవేనని తేల్చి వాళ్లను ఏడాది పాటు సస్పెండ్ చేసింది, ఫుట్‌బాల్ సంఘానికి మూడున్నర లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. ఇక మన పల్లెల సంగతి నీకు చెప్పనక్కర్లేదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పుట్టినవాళ్లలో ఎంతమందికి బడి రిజిస్టరులో మాస్టారు వేసిన తేదీయే పుట్టినరోజో! ఆ తరం పుట్టుక మీద జాతీయ జట్టును నిలబెడితే కాగితాలు సృష్టించే దుకాణం వీధికొకటి తెరుచుకుంటుంది.

“ఆ ఏడుగురికీ మలేషియా ప్రభుత్వమే పౌరసత్వం ఇచ్చింది కదా, మరి పాస్‌పోర్టు ఉంటే ఏం లాభం?” అని అడుగుతావు. నిజమే, మ్యాచ్ కోసం హడావుడిగా అచ్చేసిన పాస్‌పోర్టుకు ఏ విలువా లేదు. పౌరసత్వం మీద నాకున్న గౌరవమంతా దాని వెనుక ఉండే ఏళ్ల వల్లే. ఆ ఏళ్లు లేకపోతే అదీ తాత కాగితం లాంటిదే.

నువ్వు వేసే పెద్ద ప్రశ్న మొరాకో గురించి. 2022 ప్రపంచ కప్‌లో ఆఫ్రికా నుంచి మొట్టమొదటిసారి సెమీఫైనల్ చేరిన ఆ జట్టులో 26 మందికి గాను 14 మంది బయటి దేశాల్లో పుట్టినవాళ్లు. స్పెయిన్‌ను ఇంటికి పంపిన ఆఖరి పెనాల్టీ కొట్టిన అష్రఫ్ హకీమీ పుట్టింది మాడ్రిడ్‌లోనే. గోల్‌కీపర్ ఒక పక్కకు దూకుతుంటే బంతిని నడిమధ్యకు మెత్తగా ఎత్తి వేశాడు. చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఒకటి గమనించు. హకీమీ పుట్టుకతోనే మొరాకో పౌరుడు. ఆ దేశ చట్టం తల్లిదండ్రుల నుంచి పౌరసత్వాన్ని ఇస్తుంది, రెండో పాస్‌పోర్టు ఉన్నా తీసేయదు. కాబట్టి వాళ్లు ఆడింది రక్తసంబంధంతో కాదు, పౌరసత్వంతోనే. మన దేశమూ అలా చేయాలా అనేది మంచి ప్రశ్నే. కానీ అది పార్లమెంటులో తేలాల్సింది. ఓటు, ఆస్తి, పన్ను, రక్షణ అన్నీ ముడిపడిన విషయాన్ని ఫుట్‌బాల్ జట్టు కోసం పక్కదారిలో మార్చకూడదు. మన జట్టు 2025 అక్టోబరులో మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్‌కు దూరమైనప్పటి నుంచి ఓసీఐ కుర్రాళ్లను తెస్తే సరిపోతుందనే మాట మరీ ఎక్కువైంది. మొరాకో బయటి కుర్రాళ్లను వెతకడంతో ఆగలేదు, సాలే పట్టణం దగ్గర 2009లోనే పెద్ద అకాడమీ కట్టింది. మనవాళ్లు ఆ సగాన్ని చెప్పరు.

“అమెరికాలో పుట్టడం నా తప్పా?” అన్నావు. కాదు. ఈ రూలులో నిన్ను నిజంగా బాధపెట్టేది అదొక్కటే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. నీ పుట్టుక నీ తప్పు కానట్టే తాతయ్య పుట్టుక నీ సంపాదన కూడా కాదు. రెండూ నీ చేతిలో లేనివే. నీ చేతిలో ఉన్నదేమిటో చూడు.

దారి ఉంది. అరతా ఇజుమి జపాన్‌లో పుట్టాడు, తండ్రి భారతీయుడు. పుణె క్లబ్బుకు ఏళ్ల తరబడి ఆడి, జపాన్ పౌరసత్వం వదులుకుని, 2013లో మన జట్టులోకి వచ్చాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన రయాన్ విలియమ్స్ తల్లి ముంబయి మనిషి. 2023లో బెంగళూరు క్లబ్బుకు విదేశీ ఆటగాడిగా వచ్చి, 2025లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. ఇద్దరూ ముందు ఇక్కడ ఉన్నారు, ఇక్కడి ఎండలో ఆడారు, తర్వాతే సంతకం పెట్టారు. చట్టం నీకు చూపే దారీ అదే: ఓసీఐగా నమోదై అయిదేళ్లు నిండాలి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ ఉండాలి, మేజరువై ఉండాలి.

అయితే తొందరపడకు. అమెరికా పౌరసత్వం ఒకసారి వదిలితే వెనక్కి తీసుకోవడం ఉండదు. ఫుట్‌బాల్ ఆటగాడి కాళ్లు ముప్పై అయిదేళ్ల దాకా ఆడితే గొప్ప, పౌరసత్వం ఆ తర్వాత నలభై ఏళ్లు నీతో ఉంటుంది. జెర్సీ లేకపోయినా ఇక్కడే బతుకుతానని అనిపించినప్పుడే ఆ సంతకం పెట్టు. అది తేల్చుకోవడానికి ముందు ఒక ఏడాది వచ్చి ఉండు. కాలేజీకి ముందు ఖాళీ తీసుకోవడం మీ దగ్గర మామూలే కదా.

ఓసీఐ కార్డు అమ్మ దగ్గర బీరువాలో ఉంటుంది. దాని మీద జారీ చేసిన తేదీ చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న