ఎఫ్‌సింక్ జోలికి వెళ్లే ముందు: అనుభవ పాఠాలు

ఉద్యోగ జీవితమంతా డేటాబేస్ సర్వర్లతోనే గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు తరచూ అడిగేది ఒకటే. "ఎస్ఎస్‌డీ డబ్బా మీద సెకనుకు 3,000 మెగాబైట్లని రాసుందండీ, మన డేటాబేస్ మాత్రం సెకనుకు కొన్ని వందల లావాదేవీల దగ్గరే ఆగిపోతోంది, ఎందుకు?" వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. రాయడం వేరు, నిలవడం వేరు. ప్రోగ్రాం ఫైల్లో రాసింది ముందు లినక్స్ మెమరీలో చేరుతుంది, అక్కడ 30 సెకన్ల దాకా కూడా ఉండిపోవచ్చు. తర్వాత ఎస్ఎస్‌డీ సొంత కాష్‌లోకి వెళ్తుంది. కరెంటు పోతే మామూలు డ్రైవుల్లో ఈ రెండూ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ మజిలీలు దాటించి డేటాను పదిలమైన చోటికి చేర్చమనీ, చేరేదాకా జవాబివ్వొద్దనీ చెప్పే ఆజ్ఞే ఎఫ్‌సింక్. చలానా మీద బ్యాంకు ముద్ర పడితేనే డబ్బు కట్టినట్టు కదా, ఇదీ అంతే.

2. డబ్బా మీది వేగం చాలావరకు కాష్ పుణ్యమే. చిన్న చిన్న రాతలను కాష్‌లో పోగుచేసి, ఒకేసారి ఎన్నో ఫ్లాష్ చిప్పుల మీదికి పంపడం వల్లే ఎస్ఎస్‌డీ అంత వేగంగా కనిపిస్తుంది. ప్రతి 8 కిలోబైట్లకూ ఎఫ్‌సింక్ అడిగితే పోగుచేసే అవకాశమే ఉండదు. మామూలు డ్రైవుల్లో ఒక్కో ఎఫ్‌సింక్‌కు మిల్లీసెకనో, అంతకంటే ఎక్కువో పడుతుంది. మిల్లీసెకను చొప్పున వేసుకున్నా, ఒకదాని తర్వాత ఒకటిగా సెకనుకు వెయ్యికి మించి సాగవు. మెగాబైట్ల లెక్కకు ఇక్కడ పనే లేదు.

3. డబ్బు పెట్టాల్సింది కెపాసిటర్ల మీద. సర్వర్ల కోసం చేసిన చాలా ఎస్ఎస్‌డీల్లో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా, కాష్‌లో మిగిలినదాన్ని ఫ్లాష్‌లోకి దించేంత శక్తి వాటిలో నిలవ ఉంటుంది. అందుకే అలాంటి డ్రైవుకు కాష్‌లో పడగానే "భద్రం" అని చెప్పే హక్కుంది. అదే ఎఫ్‌సింక్ అక్కడ మైక్రోసెకన్లలో ముగుస్తుంది. కొనేటప్పుడు వివరాల పత్రంలో 'పవర్ లాస్ ప్రొటెక్షన్' ఉందో లేదో చూడండి, అదీ జాగ్రత్తగా చదవండి. కొన్ని చవక డ్రైవుల్లో ఆ మాటకు అర్థం, అప్పటికే ఫ్లాష్‌లో ఉన్న డేటా చెడిపోదని మాత్రమే. కాష్‌లో ఉన్నదానికి వాటి పూచీ లేదు. యూపీఎస్ ఉందిగా అంటారు. సర్వర్ లోపలి పవర్ సప్లై కాలిపోతే యూపీఎస్ ఏం చేస్తుంది?

4. తొందరపడి ఎఫ్‌సింక్ ఆపేయకండి. పోస్ట్‌గ్రెస్‌లో దాన్ని ఆపేశాక కరెంటు పోతే డేటాబేస్ మొత్తం పాడైపోవచ్చు. వేగం తప్పనిసరైతే 'సింక్రనస్ కమిట్' అనే సెట్టింగును మాత్రం ఆపండి. చివరి క్షణాల లావాదేవీలు కొన్ని పోవచ్చు గానీ డేటాబేస్ చెక్కుచెదరదు. అయితే డబ్బు లెక్కలున్న చోట అదీ వద్దు.

5. ఎఫ్‌సింక్‌ల సంఖ్య తగ్గించండి. వెయ్యి వరుసలకు వెయ్యి కమిట్లు, అంటే వెయ్యి ఎఫ్‌సింక్‌లు, ఎందుకు? ఒక్క లావాదేవీలో పెట్టండి. ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లకు ఈ ఒక్క మార్పుతోనే గంటల పని నిమిషాల్లోకి దిగడం చూశాను.

6. సొంతంగా కొలవండి, అదీ అసలు సర్వర్ మీదే. డిస్కు వేగం కొలిచే ఫియో గానీ, పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ గానీ చాలు. మ్యాక్ ల్యాప్‌టాప్‌లో వచ్చిన అంకెలు చూసి మురిసిపోవద్దు. అక్కడ మామూలు ఎఫ్‌సింక్ డ్రైవు కాష్‌ను ఖాళీ చేయించదు, దానికి 'ఎఫ్ ఫుల్ఎఫ్‌సింక్' అని వేరే ఆజ్ఞ ఉంది.

7. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ అడిగి ఊరుకోవద్దు. లినక్స్‌లో మొదటిసారి తప్పు చూపిన ఎఫ్‌సింక్, డేటా డిస్కుకు చేరకపోయినా రెండోసారి అంతా బాగుందని చెప్పగలదు. పోస్ట్‌గ్రెస్ బృందం 2018లో దీన్ని గుర్తించింది. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి, ఎఫ్‌సింక్ తప్పు చూపగానే సర్వర్ ఆగిపోయి లాగ్ నుంచి కోలుకునేలా మార్చింది. మీరు రాసే ప్రోగ్రాంలోనూ ఎఫ్‌సింక్ ఇచ్చే జవాబును ప్రతిసారీ చూడండి. తప్పు వస్తే అక్కడే ఆపేయండి.